ఇల్లినాయ్‌లో కాస్మెటాలజీ టీచర్ లైసెన్సు: 500 గంటల దారా, 1000 గంటల దారా?

మీ పరిస్థితిని నేను అర్థం చేసుకున్నది ఇది. గుంటూరులో బి.కాం. చదివి, పెళ్ళయ్యాక షికాగో దగ్గరి నేపర్‌విల్ వచ్చారు. ఇక్కడే 1500 గంటల కోర్సు పూర్తిచేసి ఇల్లినాయ్ కాస్మెటాలజిస్టు (జుట్టు, చర్మం, గోళ్ళ సౌందర్య సేవలు చేసేవారు) లైసెన్సు తీసుకున్నారు. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద పని అనుమతి ఉంది, ఏడాదికి పైగా ఒక సెలూన్‌లో పనిచేస్తున్నారు. శని, ఆదివారాల్లో ఇంటి దగ్గర పెళ్ళికూతుళ్ళకు మేకప్ చేస్తున్నారు. ఇప్పుడు బ్యూటీ స్కూల్లో పాఠాలు చెప్పాలని ఉంది. ఏ కోర్సులో చేరాలి, ఇంటి దగ్గర చేసిన పని అనుభవంగా లెక్కకు వస్తుందా, స్కూలును ఎలా ఎంచుకోవాలి, మన ఇంగ్లీషుతో ఇక్కడి పిల్లల ముందు నిలబడగలమా అన్నవి మీ ప్రశ్నలు. ఈ రాష్ట్రంలో టీచర్ లైసెన్సుతో చాలాకాలంగా బోధిస్తూ, టీచర్ ట్రైనింగ్‌కు వచ్చేవారిని పర్యవేక్షిస్తూ ఉన్నాను కనుక వివరంగానే రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. ఇక్కడ లైసెన్సులిచ్చేది రాష్ట్ర ఆర్థిక, వృత్తి నియంత్రణ శాఖ, అందరూ ఐ.డి.ఎఫ్.పి.ఆర్. అంటారు. 1985 నాటి బార్బర్, కాస్మెటాలజీ చట్టమే ఇప్పటికీ సవరణలతో అమల్లో ఉంది. దాని ప్రకారం టీచర్ లైసెన్సు కోరేవారికి 18 ఏళ్ళు నిండాలి, హైస్కూలు చదువు పూర్తయి ఉండాలి, చెల్లుబాటులో ఉన్న కాస్మెటాలజిస్టు లైసెన్సు చేతిలో ఉండాలి. ఆపైన రెండు దారులున్నాయి. లైసెన్సున్న కాస్మెటాలజిస్టుగా పరీక్షకు ముందు 5 ఏళ్ళలో 2 ఏళ్ళ పని అనుభవం చూపగలిగితే 500 గంటల టీచర్ ట్రైనింగ్ సరిపోతుంది. ఆ అనుభవం లేనివారు 1000 గంటలు చేయాలి. ఏ దారిలో వచ్చినా చివర రాత పరీక్ష ఉంటుంది.

చాలామంది 1000 గంటల కోర్సులో బోధన రెండింతలు నేర్పుతారని అనుకుంటారు, కానీ అది నిజం కాదు. ఆ 1000 గంటల్లో 500 గంటలు మీరు ముందే చదివిన కాస్మెటాలజీని, సిద్ధాంతంతోనూ చేతిపనితోనూ పైస్థాయిలో మళ్ళీ చేయించడానికే పోతాయి. మిగిలిన 500 గంటల్లో 20 విద్యా మనస్తత్వశాస్త్రానికి, 20 బోధనా పద్ధతుల సిద్ధాంతానికి, 150 గంటలు పాఠాలను తయారుచేసుకుని చెప్పడం సాధన చేయడానికి, 50 స్కూలు నిర్వహణ, వ్యాపార అనుభవానికి, 260 లైసెన్సున్న టీచరు పర్యవేక్షణలో నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పడానికి కేటాయించారు. అనుభవమున్నవారికి మాఫీ అయ్యేది మొదటి సగం మాత్రమే. బోధనకు సంబంధించిన రెండో సగం ఇద్దరికీ ఒకటే. అందుచేత 500 గంటలు చేసినవారు తక్కువ టీచర్లేమో అనే అనుమానం మీకేమీ అక్కర్లేదు.

మీ విషయంలో 500 గంటల దారే సరైనదని నా అభిప్రాయం. వారానికి 20 గంటల చొప్పున చేస్తే 500 గంటలకు 25 వారాలు పడుతుంది, 1000 గంటలకు 50 వారాలు. అనుభవాన్ని చట్టం లెక్కగట్టేది పరీక్షకు ముందు కాలాన్నిబట్టి కనుక, సెలూన్ పని మానకుండా సాయంత్రాలో వారాంతాలో కోర్సు చేసుకుంటూ పోతే రెండేళ్ళ అనుభవం, శిక్షణ దాదాపు ఒకేసారి పూర్తికావచ్చు. అయితే చేరేముందే స్కూలు అడ్మిషన్ కార్యాలయం నుంచీ, శాఖ నుంచీ ఈ మాటను ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్‌లో ఎవరో చెప్పారన్నది తర్వాత ఎక్కడా చెల్లదు.

ఇక ఇంటి దగ్గర చేసే మేకప్. ఇది మీకు నచ్చకపోయినా స్పష్టంగా చెప్పడం నా బాధ్యత. ఇల్లినాయ్‌లో సెలూన్ నడపాలంటే ఆ చోటుకు కూడా శాఖ దగ్గర నమోదు ఉండాలి. నమోదు లేని బేస్‌మెంట్‌లో నగదు తీసుకుని చేసిన పనికి ఏ యజమానీ ధ్రువీకరణ ఇవ్వలేడు, పన్ను పత్రాల్లోనూ అది కనబడదు. మీరు దాన్ని అనుభవంగా చూపబోతే అనుమతి లేకుండా నడిపిన వ్యాపారాన్ని మీ అంతట మీరే కాగితం మీద పెట్టినట్టవుతుంది. మీ సెలూన్ యజమాని దగ్గర, మీరు ఏ తేదీ నుంచి, వారానికి ఎన్ని గంటలు, ఏయే సేవలు చేశారో చెప్పే సంతకం చేసిన పత్రం ఇప్పుడే తీసుకోండి. సెలూన్లు చేతులు మారుతుంటాయి, మూతపడుతుంటాయి. యజమాని వెళ్ళిపోయాక ఆ సంతకం కోసం ఊళ్ళు తిరిగినవారిని చూశాను. జీతం చీటీలు, డబ్ల్యు-2 పత్రాలు (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను లెక్కలు) దాచి ఉంచండి.

వీసా గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. హెచ్-4 వారు చదువుకోవచ్చు, కాని పనిచేయాలంటే 2015లో మొదలైన ఆ ప్రత్యేక పని అనుమతి పత్రం ఉండాలి. వృత్తి లైసెన్సు వేరు, పని అనుమతి వేరు. ఒకటి రెండోదాని బదులు పనికిరాదు. అనుమతి గడువు ముగిసి కొత్తది రాని రోజుల్లో సెలూన్‌లో చేసిన పని మీ అనుభవానికి కలవకపోగా వీసాకే ముప్పు తెస్తుంది. పని అనుమతి లేనివారికి రెండేళ్ళ సెలూన్ అనుభవం చట్టబద్ధంగా సంపాదించే వీలే ఉండదు కనుక, వారికి 1000 గంటల దారి ఒక్కటే మిగులుతుంది. కోర్సులో భాగంగా ఉండే స్టూడెంట్ టీచింగ్ విషయంలో కూడా, స్కూలు ఏదైనా పారితోషికం ఇస్తానంటే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని అడిగిన తర్వాతే ఒప్పుకోండి.

డబ్బు గురించి మన అమ్మాయిలు ఎక్కువగా పొరబడే చోటు ఫెడరల్ సాయం. అడ్మిషన్ వారు పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయమున్న విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే, తిరిగి కట్టనక్కర్లేని సాయం) పేరు చెప్పి ఉత్సాహపరుస్తారు. హెచ్-4 వారికి అది రాదు. గ్రీన్ కార్డు వచ్చినవారికి కూడా, బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే మామూలు పెల్ రాదు. ఆ డిగ్రీ ఆంధ్రాలో చేసినదైనా అంతే. పైగా ఆ మామూలు పెల్‌కు కనీసం 600 గంటల కోర్సు కావాలి కనుక 500 గంటలది ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఫీజు మొత్తం మీ చేతినుంచే పోతుందనుకుని, వాయిదాల పద్ధతి ఉందా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నవి ఒప్పంద పత్రంలో చదివి సంతకం చేయండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు అడగనిదీ, కోర్సులో అందరినీ తడబడేలా చేసేదీ ఆ 150 గంటల పాఠ తయారీ. సెలూన్‌లో పదేళ్ళు చేసినవారు కూడా ఇక్కడ ఇబ్బంది పడతారు. చేయి తనంతట తాను చేసుకుపోయే పనిని మాటల్లో, మెట్లుగా, ఒక్కొక్క మెట్టుకు కారణంతో సహా విడదీసి చెప్పడం అంతవరకూ వారికి అవసరపడి ఉండదు. హెయిర్ కలర్ పాఠమే తీసుకుందాం. డెవలపర్ (జుట్టు రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రావణం) సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటుంది. అది 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అని చాలామందికి తెలుసు. వాల్యూమ్ అంటే ఏమిటని విద్యార్థి అడిగితే మాత్రం ఆగిపోతారు. ఒక లీటరు ఆ ద్రావణం పూర్తిగా విడిపోతే 20 లీటర్ల ఆక్సిజన్ వస్తుందన్నదే దాని అర్థం. ఈ ఒక్క వాక్యం చెబితే 10, 30, 40 అంకెలు విద్యార్థికి బట్టీ పట్టే పని లేకుండా అర్థమవుతాయి. 40 వాల్యూమ్‌ను మాడు మీద ఎందుకు వేయకూడదో కూడా వారే చెబుతారు.

మన సెలూన్లకు బాగా దగ్గరైన ఇంకో ఉదాహరణ చెబుతాను. కొన్ని రంగు కలిపిన గోరింట పొడుల్లో లోహ లవణాలు ఉంటాయి. అవి వాడిన జుట్టు మీద పెరాక్సైడ్ పెడితే వేడెక్కడం, తెగిపోవడం జరగవచ్చు. దీన్ని తరగతిలో కేవలం హెచ్చరికగా చెబితే వారం తిరిగేసరికి మరిచిపోతారు. పరీక్షగా చేసి చూపిస్తే జీవితాంతం గుర్తుంటుంది. గాజు గిన్నెలో ఒక ఔన్సు 20 వాల్యూమ్ పెరాక్సైడ్ పోసి, 28 శాతం అమోనియా 20 చుక్కలు వేసి, కత్తిరించిన కొన్ని వెంట్రుకలను అందులో 30 నిమిషాలు ఉంచాలి. సీసం లవణాలుంటే వెంట్రుకల రంగు వెంటనే వెలిసిపోతుంది. రాగి లవణాలుంటే ద్రావణం పొంగి, వెంట్రుక లాగితే తెగిపోతుంది. వెండి ఉంటే ఏ మార్పూ కనబడదు, అందుకే అదే అన్నిటికన్నా మోసకారి. గాజు గిన్నె ఎందుకు, లోహపు గిన్నె ఎందుకు వద్దు, గాలి ఆడే చోట ఎందుకు చేయాలి, చేతి తొడుగులు ఎప్పుడు వేసుకోవాలి, ఆ 30 నిమిషాలు తరగతి ఖాళీగా కూర్చోకుండా ఏం చేయించాలి అన్నవన్నీ మీరు ముందే కాగితం మీద రాసుకోవాలి. ఇక్కడ లెసన్ ప్లాన్ అనేది అదే. లక్ష్యం, సామగ్రి, సమయం, మెట్లు, ప్రశ్నలు, చివర విద్యార్థి ఏం చేసి చూపితే నేర్చుకున్నట్టు అన్నవి అందులో ఉండాలి. చూసేవారికి ఇది గుమస్తా పనిలా కనబడవచ్చు, కాని పాఠం దారి తప్పిన రోజున టీచరును నిలబెట్టేది ఆ కాగితమే.

కత్తిరింపు పాఠం ఇంకా సూక్ష్మమైనది. లేయర్ కట్‌లో జుట్టును 90 డిగ్రీలకు ఎత్తి పట్టుకోమంటే, కొత్తవారు నూటికి తొంభై మంది నేలకు సమాంతరంగా పట్టుకుంటారు. 90 డిగ్రీలు కొలవాల్సింది తల వంపు మీద ఆ చోటు నుంచి. నడినెత్తిన పట్టుకుంటే పాయ నిటారుగా పైకి నిలుస్తుంది, మెడ దగ్గర పట్టుకుంటే కిందికి వాలినట్టుంటుంది. దీన్ని మాటల్లో ఎన్నిసార్లు చెప్పినా ప్రయోజనం అంతంతే. నేను శిక్షణలో ఉన్నవారితో మానెక్విన్ తల మీద నాలుగు చోట్ల నాలుగు దువ్వెనలను తల వంపుకు నిలువుగా నిలబెట్టించి, ఒక్కొక్కటీ ఏ దిక్కు చూస్తోందో విద్యార్థుల చేత చెప్పిస్తాను. ఆ తర్వాతే కత్తెర పట్టనిస్తాను. కత్తెరలోనూ అంతే, ఉంగరపు వేలున్న బ్లేడు కదలకూడదు, బొటనవేలిది మాత్రమే కదలాలి. చాలాకాలం సెలూన్‌లో చేసినవారు దీన్ని సరిగ్గానే చేస్తారు, కానీ అలా చేస్తున్నామని గమనించరు, అందుకే చెప్పలేరు. డెమో ఇచ్చేటప్పుడు మీరు విద్యార్థులకు ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు వారికి తారుమారుగా కనబడతాయి. వారిని మీ భుజం వెనుకకు, అర్ధచంద్రాకారంగా నిలబెట్టుకోండి. ఎడమచేతి వాటం విద్యార్థి ఉంటే ఆ ఒక్కరికీ ఎదుటివైపు నుంచి మళ్ళీ చూపండి, వారికి ఎడమచేతి కత్తెర ఇప్పించండి. కుడిచేతి కత్తెరతో వారు పడే ఇబ్బందిని చేతకానితనంగా లెక్కగట్టే టీచర్లున్నారు, అది అన్యాయం.

స్కూలు ఎంపికను నేను ఈ లెక్కతోనే చేయమంటాను. ఇల్లినాయ్‌లో బ్యూటీ స్కూళ్ళకు కొదవ లేదు. మానెక్విన్ తలలతో శిక్షణనిచ్చే పివట్ పాయింట్ కూడా 1962లో లియో పసాజ్ షికాగో ప్రాంతంలోనే స్థాపించిన సంస్థ. కాని టీచర్ ట్రైనింగ్ దగ్గరకు వచ్చేసరికి అన్ని చోట్లా ఒకే శ్రద్ధ ఉండదు. కొన్నిచోట్ల ట్రైనీని రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోబెట్టడం, తువ్వాళ్ళు ఉతికించడం, టీచరు రాని రోజున క్లినిక్ ఫ్లోర్‌ను (విద్యార్థులు నిజమైన క్లయింట్లకు పనిచేసే హాలును) ఒంటరిగా అప్పగించడం చూశాను. ఆ 260 గంటలు లైసెన్సున్న టీచరు అక్కడే ఉండి పర్యవేక్షించవలసినవి. పర్యవేక్షణ లేకుండా చేయించిన గంటలు మీ భవిష్యత్తుతో ఆటలాడటమే అవుతుంది. అందుకని చేరేముందు ఒక పనిరోజు మధ్యాహ్నం స్కూలుకు వెళ్ళి, ఇప్పుడు శిక్షణలో ఉన్న ట్రైనీతో విడిగా మాట్లాడండి. ఈ వారంలో ఎన్ని పాఠాలు చెప్పారు, ఎవరు చూశారు, చూసినవారు రాతపూర్వకంగా ఏం చెప్పారు అని అడగండి. ఈ మూడోదానికి జవాబు లేకపోతే ఆ స్కూలు గురించి నేను రెండోసారి ఆలోచించను. స్కూలుకు గుర్తింపు ఉందో లేదో, శాఖ వెబ్‌సైటులో దాని లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

మీ ఇంగ్లీషు గురించి. మీ యాసను మార్చుకోవలసిన అవసరం లేదు. నెమ్మదిగా, చిన్న వాక్యాల్లో, ఒక్కో పదార్థానికి ఎప్పుడూ ఒకే పేరు వాడుతూ చెప్పడం నేర్చుకుంటే చాలు. ఒకే వస్తువును ఒకసారి డెవలపర్ అని, ఇంకోసారి పెరాక్సైడ్ అని, మరోసారి ఆక్సిడెంట్ అని పిలిస్తే ఏ దేశపు విద్యార్థి అయినా గందరగోళపడతాడు. మీ తరగతిలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు, పోలిష్ మాట్లాడేవారు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు, ఇద్దరు పిల్లల తల్లులు కలిసి కూర్చుంటారు. ఇంగ్లీషు తన రెండో భాషగా ఉన్న టీచరు ఒక విషయాన్ని పలకమీద బొమ్మ వేసి చెప్పడం వారికి ఎంతో మేలు చేస్తుంది. నిజంగా సాధన చేయవలసింది విద్యార్థి తప్పును దిద్దే తీరును. మన ఇళ్ళల్లో, బళ్ళల్లో పెరిగినవారికి అందరి ముందూ గట్టిగా దిద్దడం అలవాటు. ఇక్కడ పెద్దవారైన విద్యార్థి, పైగా క్లయింటు కుర్చీలో కూర్చుని ఉండగా, అలా దిద్దితే ఆ విద్యార్థి మళ్ళీ మిమ్మల్ని సందేహం అడగరు. క్లయింటుకు హాని జరిగేలా ఉంటే వెంటనే ఆపండి, మిగతావన్నీ క్లయింటు వెళ్ళాక, పక్కకు పిలిచి, ఏది సరిగ్గా చేశారో ముందు చెప్పి, ఆ తర్వాత దిద్దండి. గ్రేడు ఇచ్చేటప్పుడు ముందుగా ఇచ్చిన ప్రమాణాల చీటీ ప్రకారమే ఇవ్వండి, ఇష్టాయిష్టాలకు చోటుండకూడదు.

శుభ్రత పాఠాన్ని ట్రైనీలు తేలికగా తీసుకుంటారు. దువ్వెనను నీలం ద్రావణంలో ముంచితే శుభ్రమైపోయిందనుకునే విద్యార్థికి, ముందు వెంట్రుకలు తీసి సబ్బునీళ్ళతో కడగాలని, బార్బిసైడ్ (సెలూన్లలో వాడే ఆ నీలం క్రిమిసంహారిణి) అయితే 32 ఔన్సుల నీటికి 2 ఔన్సులు కలిపి పూర్తిగా మునిగేలా 10 నిమిషాలు ఉంచాలని మీరే పక్కన నిలబడి చేయించాలి. రాత పరీక్షలోనూ ఇటువంటివి వస్తాయి. పరీక్షకు పాఠ ప్రణాళిక, మూల్యాంకన రకాలు, పెద్దవారు నేర్చుకునే తీరు, తరగతి నిర్వహణ ముఖ్యం. 150 గంటల పని నిజాయితీగా చేసినవారికి ఇది కష్టమైన పరీక్ష కాదు.

మీవారి ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళవలసి రావచ్చని రాశారు. అది ముందే ఆలోచించడం మంచిదే, ఎందుకంటే ఈ లైసెన్సు దేశమంతటా ఒకటి కాదు. టెక్సస్‌లో 2021 నాటి చట్ట సవరణతో ఇన్‌స్ట్రక్టర్ లైసెన్సునే తీసేశారు, అక్కడ బోధించేవారికి ఆ పనిచేసే లైసెన్సు ఉంటే చాలు. కాలిఫోర్నియాలోనూ విడిగా టీచర్ లైసెన్సు లేదు. నార్త్ కరోలినాలో 800 గంటల టీచర్ ట్రైనింగ్ గాని, అయిదేళ్ళ పూర్తికాలపు అనుభవం గాని అడుగుతారు. టెక్సస్‌లోని డాలస్ వెళ్ళేది ఏడాదిలోపే ఖాయమైతే ఇక్కడ ఫీజు కట్టేముందు కొంచెం ఆగండి. అయినా లైసెన్సు అడగని రాష్ట్రంలో కూడా స్కూళ్ళు శిక్షణ పొందినవారినే ఇష్టపడటం సహజం కనుక ఆ గంటలు వృథా కావు.

ఎప్పటికైనా హైదరాబాదో విజయవాడో తిరిగివెళ్ళి ఐ.టి.ఐ.లో చెప్పాలనుకుంటే, ఇల్లినాయ్ లైసెన్సు ఒక్కటే సరిపోతుందని అనుకోవద్దు. ఐ.టి.ఐ. కాస్మెటాలజీ ట్రేడ్‌కు భారత ప్రభుత్వ శిక్షణ డైరెక్టరేట్ జనరల్ నడిపే క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ ట్రైనింగ్ స్కీమ్ ఉంది, ఏడాది కోర్సు, జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో నేర్పుతారు. ట్రేడ్ విద్యతోపాటు బోధనా పద్ధతులు అందులోనూ ప్రధానమైన భాగమే. ప్రైవేటు అకాడమీల్లో మాత్రం మీ అనుభవానికీ, ఇక్కడి శిక్షణకూ విలువ ఇవ్వవచ్చు.

లైసెన్సు వచ్చాక దాన్ని కాపాడుకోవడం కూడా పనే. ఇక్కడ రెండేళ్ళకోసారి పునరుద్ధరణ ఉంటుంది. కాస్మెటాలజిస్టుకు 14 గంటల నిరంతర విద్య అడిగితే టీచరుకు 24 గంటలు అడుగుతారు, అందులో కొంత బోధనా పద్ధతులకు సంబంధించినదై ఉండాలి. గృహహింస, లైంగిక దాడి బాధితులను గుర్తించి సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి ఉద్దేశించిన ఒక గంట శిక్షణను 2017 నుంచి తప్పనిసరి చేశారు. కాస్మెటాలజిస్టుగా మీరు దాన్ని ఇప్పటికే చేసి ఉంటే ఆ సర్టిఫికెట్ మీ ఫైల్లో ఉందో లేదో చూసుకోండి. ఈ వారంలో చేయవలసినవి రెండే: సెలూన్ యజమాని సంతకంతో అనుభవ పత్రం, శాఖకు అనుభవ గణన గురించి ఈమెయిల్. ఆ ఈమెయిల్‌కు వచ్చిన జవాబు ఇక్కడ పెడితే, స్కూలుతో ఒప్పందం మీద సంతకం చేసేముందు చూడవలసిన నిబంధనలు మీకు విడిగా రాస్తాను.